ఎదుటి బండి టైరు

సూరప్పడి చేతికి స్టీరింగు వచ్చి ఏడు నెలలైంది. ఆ ఏడు నెలల్లో వాడికి లారీ తోలడం కొంత వచ్చింది, గౌరీసును చూసి ఏడవడం పూర్తిగా వచ్చింది.

ఇద్దరూ సాలూరులో ఒకే షావుకారు దగ్గర ఒకే నెలలో డ్రైవర్లయ్యారు. ఇద్దరికీ గురువు లతీఫ్ ఉస్తాద్. నలభై ఏళ్లు లారీ తోలి, మోకాళ్లు అరిగాక దూరపు లైన్లు మానేసిన మనిషి. కొత్త డ్రైవర్ల పక్కన కూర్చుని రోడ్డు నేర్పడం ఇప్పుడాయన పని. రెండు బళ్లూ జంటగా రాయపూర్ వెళ్లి జంటగా తిరిగొచ్చేవి. ఉస్తాద్ ఓ రోజు ఒక బండిలో, ఇంకో రోజు రెండో బండిలో కూర్చునేవాడు.

గోడౌన్‌లోకి బండిని వెనక్కి పెట్టడానికి సూరప్పడికి నాలుగు ప్రయత్నాలు కావాలి. ఈలోగా హమాలీలు బీడీలు ముట్టించి, వాడికి వినపడేలా నవ్వుకుంటారు. గౌరీసు ఒక్కసారికే పెట్టేస్తాడు. రెండో రోజుకల్లా సూరప్పడి నడుం పట్టేస్తుంది, అన్నం కోసం ప్రాణం కొట్టుకుంటుంది. గౌరీసు రొట్టెలు తిని, వచ్చీరాని హిందీలో ఢాబావాడితో వేళాకోళాలాడి, క్యాబిన్ మీద పక్క వేసుకుని హాయిగా నిద్రపోతాడు. వాడి గురక వింటూ సూరప్పడు మెలకువగా పడుకుంటాడు. అంత గాఢమైన నిద్రని చూసినా కన్ను కుట్టే స్థితికి వచ్చాడు పాపం.

ఇంతలో షావుకారు పద్నాలుగు చక్రాల కొత్త బండి కొన్నాడు. అది గౌహతి లైనుకు. దాని మీదికి ఎవరిని ఎక్కించాలో ఉస్తాద్ చెప్పాలి. ఈ ట్రిప్పు ముగించుకుని సాలూరు చేరగానే చెబుతానన్నాడాయన. ఎవరి పేరు చెబుతాడో సూరప్పడికి ముందే తెలిసినట్టనిపించి కడుపు మండిపోయింది.

రాయపూర్‌లో ఇనుప ఊచలు ఎత్తుకుని తిరిగొస్తున్నారు. ఉస్తాద్ సూరప్పడి పక్కనే ఉన్నాడు. ముందు గౌరీసు బండి వెళ్తోంది. కోరాపుట్ దాటేదాకా ఉగ్గబట్టుకున్నాడు గానీ, ఆ తర్వాత సూరప్పడి వల్ల కాలేదు.

"నాకేటి తక్కువ గురువుగారూ?" అన్నాడు.

ఉస్తాద్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "బండి చూసుకో. ఘాటీ దిగాల" అన్నాడు.

పొట్టంగి దాటాక, కొండ దిగే ఘాటీ రోడ్డు మొదలయ్యే ముందు ఒక ఢాబా ఉంది. దిగే ప్రతి లారీ అక్కడ కాసేపు ఆగుతుంది. ఉస్తాద్ శిష్యులకు అక్కడొక కట్టుబాటు ఉంది. చక్రాల బోల్టులు విప్పే ఇనుప రాడ్డుతో టైర్లన్నీ కొట్టి చూడాలి. గాలి నిండుగా ఉన్న టైరు రాడ్డును ఎగరగొట్టి ఖంగుమంటుంది. గాలి దిగిన టైరు దిండు మీద కొట్టినట్టు చప్పగా పలుకుతుంది. వెనక జంట చక్రాల్లో లోపలి టైరు కంటికి ఆనదు. పక్కది బరువు మోస్తూ ఉంటుంది కాబట్టి బండి ఒరగదు కూడా. చెవి ఒక్కటే దిక్కు.

అయితే ఎవడి బండి వాడు కొట్టకూడదు. వీడి బండి వాడు, వాడి బండి వీడు కొట్టాలి. ఎందుకని మొదట్లో గౌరీసు అడిగాడు. "తొందరలో ఉన్నోడికి తన టైర్లన్నీ ఖంగుమనే ఇనపడతాయిరా" అన్నాడు ఉస్తాద్.

ఆ మధ్యాహ్నం గౌరీసు సూరప్పడి బండి చుట్టూ తిరిగి పది టైర్లూ కొట్టాడు. జంట టైర్ల మధ్య ఒక రాయి ఇరుక్కుని ఉంటే, బోర్లా పడుకుని దాన్ని పీకి అవతల పారేశాడు. "అన్నీ బాగున్నాయన్నా" అని చెప్పి చొక్కా దులుపుకుంటూ భోజనానికి వెళ్లాడు.

సూరప్పడు గౌరీసు బండి కొట్టాడు. ఎనిమిది ఖంగుమన్నాయి. తొమ్మిదోది, వెనక ఎడమ జంటలో లోపలిది, చప్పగా పలికింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే చప్పుడు.

వాడి గుండె ఝల్లుమంది. ఆ వెనకే, ఎవరూ పిలవని చుట్టంలా, ఒక సంతోషం వచ్చి కూర్చుంది. గౌరీసు చావాలని వాడు కోరుకోలేదు. అంత పాపిష్టివాడు కాడు. ఏ మలుపులోనో టైరు కూర్చుండిపోతుంది, దారి మధ్యలో బండి ఆగిపోతుంది, వెనక లారీలన్నీ హారన్లు కొట్టి తిడతాయి, ఉస్తాద్ చూస్తాడు. అంతే, అంతవరకే అనుకున్నాడు. ఊచల లోడుతో ఘాటీ దిగేటప్పుడు టైరు పేలితే బండి ఎటు పోతుందో వాడు ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటానికి పదో టైరును గట్టిగా కొట్టాడు.

టైరు చప్పుడు వినపడేంత దూరంలో, నీళ్ల తొట్టి దగ్గర ఉస్తాద్ నమాజుకు కాళ్లు కడుక్కుంటున్నాడు.

"కొట్టీసినావా?"

"కొట్టీసాను."

"అన్నీ?"

"బాగున్నాయి గురువుగారూ" అన్నాడు సూరప్పడు. భోజనానికి కూర్చుని కంచంలో ముద్దను కెలుకుతున్నాడు. ఎదురుగా గౌరీసు రెండో విడత పప్పు వేయించుకుంటున్నాడు.

నమాజు ముగించుకుని ఉస్తాద్ వచ్చి, సూరప్పడి చేతిలోంచి బండి తాళాలు తీసుకున్నాడు.

"సూరప్పడా, నువ్వెళ్లి గౌరీసు బండిలో కూకో. నీ బండి నాను దింపుతాను."

"ఎందుకు గురువుగారూ?"

"ఘాటీ ఎలా దింపుతాడో పక్కన కూకుని చూడు. రేపు నీకు పనికొస్తాది."

గౌరీసు తెగ సంబరపడిపోయాడు. పక్క సీటు మీద తువ్వాలు పరిచాడు, మంచినీళ్ల సీసా జరిపి చోటు చేశాడు. "కిటికీ కాడ కూకో అన్నా, గాలొస్తాది" అన్నాడు. సూరప్పడు ఎక్కి కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే వంపు తిరిగిన రోడ్డు, దాని పక్కన లోయ, అడుగున ఎక్కడో అగ్గిపెట్టెల్లా ఇళ్లు కనపడ్డాయి. వాడు కూర్చున్నది ఎడమ వైపు. తన వెనక, తన కింద, ఆ తొమ్మిదో టైరు ఉంది. వీపు వెనక ఊచలున్నాయి.

గౌరీసు దేవుడి పటానికి దణ్ణం పెట్టి తాళం తిప్పాడు. ఇంజను గురగురలాడింది. మొదటి గేరు కోసం చెయ్యి వేశాడు.

"ఆపు" అన్నాడు సూరప్పడు. "ఆపు గౌరీసూ. ఎనకాల ఎడం పక్క లోపలి టైరులో గాలి నేదు."

గౌరీసు ఇంజను ఆపేసి వింతగా చూశాడు. "ఇలా కూకోగానే ఎలా తెలిసిందన్నా నీకు?"

గౌరీసు జవాబు కోసం ఆగకుండా కిందికి దూకి, రాడ్డుతో ఆ టైరు కొట్టాడు. ఆ చప్పుడు క్యాబిన్‌లోకి వినపడింది. వాడు ముందుకు వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. "బతికించావన్నా" అన్నాడు. అంతలో కిందికి వంగి, "ఈ రాయి ఎవరెట్టారు? నానెట్టలేదే" అన్నాడు.

ముందు చక్రానికి అడ్డంగా తలకాయంత రాయి ఉంది.

సూరప్పడు ఢాబా వైపు చూశాడు. ఉస్తాద్ ఇంకా రెండో బండి ఎక్కలేదు. నులకమంచం మీద కూర్చుని, తాళాలు పక్కన పెట్టుకుని, టీ చల్లార్చుకుంటున్నాడు.

టైరు మార్చడానికి గంటకు పైనే పట్టింది. లోపలిది తీయాలంటే ముందు బయటిది తీయాలి. ఇద్దరూ చెమటలు కక్కుతూ పనిచేశారు. సూరప్పడు చేయి వేసిన ప్రతిచోటా గౌరీసు, "నువ్వు కూకో అన్నా, నీ నడుం బాగోదు కదా" అంటూనే ఉన్నాడు. అది వాడికి పుండు మీద కారం చల్లినట్టుంది. తిట్టినా బాగుండేది.

చివరి బోల్టు బిగించి గౌరీసు చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్లాడు. అప్పుడు ఉస్తాద్ మెల్లగా నడిచొచ్చాడు. కాలితో రాయిని అవతలికి తోశాడు. విప్పి పక్కన పడేసిన టైరు మీద చెయ్యి వేసి, సూరప్పడి వైపు చూశాడు. ఆయన కళ్లలో కోపం లేదు.

"కింద నిలబడి కొట్టినపుడు మోగని టైరు, పైకెక్కి కూకోగానే మోగిందేటి బావూ?"

సూరప్పడు తల దించుకున్నాడు. ఉస్తాద్ ఎవరికీ ఏమీ చెప్పడని సూరప్పడికి తెలుసు. ఈ మాట ఇక్కడే వదిలేసి బండెక్కితే, సాలూరు చేరేలోగా గౌరీసే పదిమందికి చెబుతాడు, అన్న చెవి బంగారమని, గౌహతి బండికి అన్నే తగినవాడని. నిజం చెబితే గౌహతి సంగతి అటుంచి, ఇక ఈ జన్మలో గౌరీసు వాణ్ణి తన బండి కొట్టనివ్వడు.

సూరప్పడు చేతిలోని రాడ్డు కింద పెట్టి తొట్టి దగ్గరికి నడిచాడు. గౌరీసు మోచేతుల దాకా సబ్బు పూసుకుని, తలెత్తి నవ్వాడు.

"తమ్ముడూ, నాను కొట్టినపుడే తెలిసింది నాకు" అన్నాడు సూరప్పడు.