భానోజీ తోమిన పెనం

భానోజీ తెల్లరక్తకణాలు కదలడం మానేశాయి.

ఎల్లుండి పదకొండింటికి పరీక్షకులు వచ్చి సూక్ష్మదర్శినిలో చూస్తారు. గాజుపలక మీద కణాలు పాకుతూ కనిపించాలి. లేకపోతే మూడేళ్ళ పరిశోధన గంగలో కలిసినట్టే. అవేమో పలకని కరుచుకుని, అప్పడాల్లా పరుచుకుని పడుకున్నాయి. బతిమాలాడు, తిట్టాడు, హనుమంతుడికి వడమాల మొక్కుకున్నాడు. ఊహూ.

మర్నాడు పొద్దున్నే వకుళమ్మగారింటికి పరిగెత్తాడు. రక్తం సంగతులన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే. ఆ వేళ ద్వాదశి. ముందురోజంతా ఉపవాసమున్న ఆవిడ పూజలో ఉన్నారు.

“కూర్చో నాయనా, పారణ చేశాక మాట్లాడుకుందాం” అన్నారు దేవుడి గదిలోంచి.

భానోజీకి ఊరికే కూర్చునే అలవాటు లేదు. శుభ్రం చేసే అలవాటుంది. వంటింట్లో ఇనప దోసెల పెనం నల్లగా నిగనిగలాడుతూ కనబడేసరికి ప్రాణం విలవిల్లాడింది. ‘అయ్యో, గురువుగారి పెనమా ఇలా!’ అనుకుని, చింతపండూ కొబ్బరిపీచూ పట్టుకుని వెండిలా మెరిసేదాకా తోమాడు.

హారతి అయ్యాక ఆవిడ వచ్చి పెనాన్ని చూశారు. శిష్యుణ్ణి చూశారు. మళ్ళీ పెనాన్ని చూశారు.

“పిండి ఆ గిన్నెలో ఉంది. నువ్వే పొయ్యి.”

మొదటి దోసె లేవలేదు. అట్లకాడతో గీకితే ముక్కలుగా వచ్చింది. రెండోది ముక్కలుగా కూడా రాలేదు.

“ఇంత శుభ్రంగా ఉందే మేడమ్, ఎందుకు అంటుకుంటోంది?”

“ముందు నీ కణాల గొడవ చెప్పు.”

“రక్తంలోంచి తీసి ఉప్పునీళ్ళతో మూడుసార్లు కడిగానండీ. మరకన్నది ఉంటే ఒట్టు! గాజుపలకైతే అద్దంలా…” అంటూ మధ్యలో ఆగి, మూడో దోసె వంక చూశాడు.

ఆవిడ వంకాయ తొడిమ నూనెలో ముంచి అతని చేతికిచ్చారు. పాపం ఆకలి మీదున్నారు కదా అని, అతను తొడిమ పక్కన పెట్టి ఏకంగా గరిటెడు నూనె పోశాడు. ఈసారి పిండి పెనాన్ని పట్టుకోనే లేదు. గరిటె ఎటు తిప్పితే అటు ఉండలా వెంటబడింది.

“ఇప్పుడు అసలు నిలవదేం?”

వకుళమ్మగారు నూనెంతా గుడ్డతో తుడిచేసి, తొడిమతో పల్చగా రుద్ది, పిండి పోశారు. పిండి నిలిచింది. చక్కగా పరుచుకుంది. కాసేపటికి అంచు దానంతటదే లేచింది.

“కడిగిన నీళ్ళతో ఏం పోయింది?” అన్నారు నెమ్మదిగా.

“రక్తరసం. అందులో ప్రోటీన్లు. పట్టు నిలిపేవి కొన్ని, పట్టు వదిలించేవి కొన్ని…” అంటూనే చెప్పుల కోసం పరుగు తీశాడు.

“ఒరేయ్! ఆ దోసె తిరగేసి వెళ్ళు!”

సాయంత్రం ఫోను మోగింది.

“మేడమ్, నడుస్తున్నాయి! రక్తరసం ఒక్క చుక్క. అంతే! ముందు మూడు చుక్కలు వేద్దామనుకుని, గరిటెడు నూనె గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నా.”

“సంతోషం నాయనా. రేపు పరీక్ష కానియ్. ఎల్లుండి నుంచి పొద్దున్నే వచ్చి దోసెలు పొయ్యి. అది మా అత్తగారి పెనం. మళ్ళీ నల్లబడాలి.”

“తప్పకుండా వస్తాను మేడమ్. ఎన్నాళ్ళు?”

“ఆవిడకి ముప్ఫయ్యేళ్ళు పట్టింది.”