గిద్యోను ముళ్లు పడుకున్న రోజు

అనగనగా ఒక అడవిలో, కొండ వాలున, గిద్యోను అనే ముళ్లపంది ఉండేవాడు. అబ్బో, వాడి భక్తి ఏం చెప్పను పిల్లలూ! శుక్రవారం వస్తే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ప్రార్థనకు అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడు. "నేను ఎవరినీ చెయ్యెత్తి కొట్టలేదు, ఎవరి గడ్డిపరకా తియ్యలేదు!" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఆ అడవిలో ఏటా కోతపండుగ చేస్తారు. మొదటి పంట బుట్టను ఒకరు వీపున పెట్టుకుని, దారిలో అందరికీ "వందనాలు" చెబుతూ, కొండమీది బండ దాకా మోయాలి. మూడు పాటలు అయ్యేలోగా చేరాలి. చేరలేకపోతే ఆ భాగ్యం ఇంకొకరిది. ఏడేళ్లు ఎదురుచూశాక ఈసారి గిద్యోను వంతు వచ్చింది! ఇక వాడి సంబరం చూడాలి! వాగులో మూడు మునకలు వేశాడు. ముళ్లన్నింటికీ ఇప్పనూనె రాసి నున్నగా దువ్వుకున్నాడు. బుట్ట వీపు మీద బుద్ధిగా కూర్చుంది.

మొదటి పాట ఎత్తుకున్నారు. "వందనాలు నెమలన్నా! వందనాలు జింకమ్మా!" అంటూ గిద్యోను కదిలాడు. మలుపు దగ్గర నలుగురు పిల్లలతో కుందేలు సూసన్నమ్మ నిలబడి ఉంది.

"వందనాలు తమ్ముడూ," అంది మెల్లగా.

గిద్యోను మూతి తిప్పుకున్నాడు. ఎందుకంటారా? మొన్న వానల్లో ఆమె వాడి చిలగడదుంపలు మూడు తవ్వుకుపోయింది. వాడు ప్రార్థన కూటంలో అందరి ముందూ "దొంగమొహమా!" అని అరిచాడు. ఆ రోజు నుంచి ఆమె కూటానికి రావడం మానేసింది. ఆ దుంపలు గుర్తొచ్చాయో లేదో, సర్రుమని ముళ్లు లేచాయి! బుట్టకు కన్నాలు పడ్డాయి, సీతాఫలాలు దొర్లిపోయాయి.

"అయ్యయ్యో!" అంటూ ఏరుకుని, మళ్లీ నూనె రాసుకున్నాడు. రెండో పాట మొదలైంది. వెనక్కి తిరిగి చూస్తే సూసన్నమ్మ పిల్లలతో వస్తోంది. మళ్లీ సర్రు! గుమ్మడికాయకు ముళ్లు దిగాయి. ఈసారి కోతిని బతిమాలి ముళ్లన్నీ తీగతో బిగించి కట్టించుకున్నాడు.

మూడో పాట! బండ ఇక పది అడుగులే! అప్పుడు చిన్న కుందేలు పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"మామయ్యా, నీ సీతాఫలం పడిపోయింది. ఇదిగో!"

'తల్లి ఎత్తుకుపోతుంది, పిల్ల తెచ్చిస్తుందట!' అనుకున్నాడు. అంతే, తీగ ఫటేల్‌మని తెగింది! ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

పక్కన నడుస్తున్న సంఘపెద్ద, తాబేలు యోబు తాత, ఆగాడు. "ఒరేయ్ గిద్యోనూ, ఎవరినీ కొట్టలేదంటావు. మనసులో ఆవిణ్ణి రోజూ కొడుతూనే ఉన్నావు కదరా! ముళ్లకు నూనె రాశావు. దేవుడు చూసేది లోపల కదా!"

గిద్యోను ఉన్నచోటే ఆగిపోయాడు. పాటలో ఒక్క చరణమే మిగిలింది. బండను చూశాడు, సూసన్నమ్మను చూశాడు. బుట్టను దారిలోనే దించేశాడు!

"పిచ్చివాడా, నీ వంతు పోతుంది!" అని నెమలి కేక వేసింది.

"పోనీ!" అంటూ వెనక్కి పరుగు తీశాడు. "సూసన్నక్కా! ఆ దుంపల సంగతి ఈరోజుతో వదిలేశాను. అందరి ముందూ నిన్ను అన్నాను. అందరి ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు!"

సూసన్నమ్మ బావురుమంది. "పిల్లల ఆకలి చూడలేక తవ్వానయ్యా. నిన్ను అడగాల్సింది. సిగ్గుతో నీ గుమ్మం తొక్కలేకపోయాను."

"వందనాలక్కా!" అన్నాడు గిద్యోను, కళ్లు తుడుచుకుంటూ.

ఈలోగా పాట అయిపోయింది. జింకమ్మ బుట్టను బండ ఎక్కించింది. గిద్యోనుకు ప్రాణం ఉసూరుమంది, ఎందుకు అబద్ధమాడాలి! ఇంతలో చిన్న పిల్ల వాడి కాలు పట్టుకుంది.

"మామయ్యా, నా కాళ్లు నొప్పెడుతున్నాయి. ఎత్తుకోవూ?"

అందరూ నోళ్లు తెరిచారు. ముళ్లపంది వీపెక్కడమా! గిద్యోను భయంభయంగా వంగాడు. ఒక్క ముల్లూ లేవలేదు! నలుగురు పిల్లలూ కిలకిలా నవ్వుతూ ఎక్కేశారు. వాళ్లను మోసుకుంటూ, సూసన్నమ్మ పక్కన నడుస్తూ, వాడు ఆరాధనకు కొండెక్కాడు.

నీతి: పైకి ఎంత భక్తిగా ఉన్నా మనసులో పగ ఉంటే అది నిజమైన భక్తి కాదు, ముందు తోటివారితో సమాధానపడితేనే మన కానుక దేవునికి ఇష్టం.