కేక రాని కుందేలు

వెదురు పూతకొచ్చిన ఏడాది సంగతి ఇది, పిల్లలూ. నల్లకొండ అడవిలో ఒక గుహ ఉండేది. ఆ గుహలో ఒక ముసలి ఎలుగుబంటి వైద్యం చేసేది. ముల్లు గుచ్చుకుంటే గోటితో తీసేది. పుండుకి తేనె రాసేది. ఎముక విరిగితే నల్లేరు తీగ నూరి కట్టేది. అందరూ పెద్దమ్మా అని పిలిచేవారు.

మొదట్లో ఎవరికి జబ్బు చేసినా నేరుగా లోపలికి వెళ్లేవారు. ఒక ఎండాకాలం పులి వరసగా మూడు జింకపిల్లల్ని ఎత్తుకుపోయింది. అడవి అంతా సభ పెట్టుకుంది. పులి కనబడగానే కేక వేసి అందరినీ హెచ్చరించేవారికే ఇకమీదట వైద్యం అని తీర్మానించారు. జబ్బు చేసినవాళ్లు గుహ ముందు నిలబడి ఒక్క కేక వెయ్యాలి. అదే రుజువు. అది చూడటానికి కోటయ్య అనే కొండముచ్చుని కూర్చోబెట్టారు. పెద్దమ్మ కూడా సరేనని తల ఊపింది.

ఆ సభలో దూదమ్మ అనే కుందేలు ఉంది. దూదమ్మ మాట పక్కనున్నవాళ్లకే వినిపిస్తుంది. కేక వెయ్యడం తన వల్ల కాదు. ఆ సంగతి సభలో చెప్పింది కూడా. పక్కనున్న తాబేలుకి తప్ప ఎవరికీ వినబడలేదు.

కొన్నాళ్లకి దూదమ్మ వెనక కాలిలో రేగుముల్లు విరిగి ఉండిపోయింది. కుంటుకుంటూ గుహ దగ్గరికి వచ్చింది.

"కోటన్నా, ముల్లు లోతుగా దిగింది. పెద్దమ్మ దగ్గరికి పోనివ్వు" అంది.

"ముందు కేక" అన్నాడు కోటయ్య.

"నాకు రాదన్నా. నీకు తెలియంది కాదు."

"తెలుసు. రేపు ఇంకొకరు కూడా రాదంటే నేనేం చెయ్యాలి? నేర్చుకుని రా."

రెండో రోజు కాలు వాచింది. దూదమ్మ బాగున్న కాలితో నేలని దబదబా కొట్టింది. "పులిని చూస్తే నేను ఇలా కొడతానన్నా. మా పొదల్లో ఎలుకలన్నీ విని దాక్కుంటాయి" అంది.

చెవి మీద గీత పడిందని ఒక దుప్పి వచ్చి వరసలో నిలబడి ఉంది. "దరువు బాగుంది దూదమ్మా. పెళ్లి ఎవరిది?" అంది. అందరూ నవ్వారు. కోటయ్య కూడా నవ్వాడు.

"తీర్మానంలో కేక అని ఉంది. కాలు అని లేదు" అన్నాడు.

మూడో రోజు దూదమ్మ ఒళ్లు కాలిపోతోంది. నడవలేక పాకుతూ వచ్చి వరస చివర పడుకుంది. ఓపిక వచ్చినప్పుడల్లా నేల మీద కొట్టింది. మధ్యాహ్నానికి వరస అయిపోయింది. కోటయ్య చిగుళ్లు తినడానికి చెట్టెక్కాడు. చప్పుడు ఆగింది.

లోపల పెద్దమ్మ తల ఎత్తింది. బయటికి వచ్చింది. "నిన్నటి నుంచీ వస్తున్న చప్పుడు ఆగిపోయింది కోటయ్యా. ఏమైంది?" అని అడిగింది.

కోటయ్య చెట్టు దిగాడు. కింద పడున్న దూదమ్మని చూపించాడు.

దూదమ్మ ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు. పెద్దమ్మ కూర్చుని, చనిపోయిన దూదమ్మ కాలిలోంచి ముల్లు తీసింది. బియ్యపు గింజంత ఉంది. దాన్ని కోటయ్య అరచేతిలో పెట్టింది.

"ఎంతసేపు పట్టింది నాకు?"

కోటయ్య అరచెయ్యి మూసుకోబోయాడు.

"చూశావుగా. చెప్పు."

"రెప్పపాటు" అన్నాడు కోటయ్య. "నేను తీర్మానం పాటించాను పెద్దమ్మా."

"పాటించావు. నేనూ తల ఊపాను. ఆ చప్పుడు విని వడ్రంగిపిట్ట అనుకుని ఊరుకున్నాను. నీ తప్పు ఎంతో నా తప్పూ అంతే. ఇక ఎవరినీ కేక అడగొద్దు."

ఆ మాట విని దుప్పి వచ్చింది. "అలాగని అందరికీ ఊరికే వైద్యం చేస్తే, రేపు పులి వస్తే కేక వేసేదెవరు?" అంది.

"మొన్న పులిని చూసి నువ్వు అరిచావు. అప్పుడు నా తేనె గుర్తొచ్చిందా?" అని పెద్దమ్మ అడిగింది.

దుప్పి ఆలోచించింది. "లేదు. భయమేసింది."

"రేపూ భయమేస్తుంది. అరుస్తావు."

పిల్లలూ, కొందరు ఈ కథని ఇంకోలా చెబుతారు. దూదమ్మ దరువు లేక ఆ వారమే పులి వచ్చి దుప్పిని తినేసిందంటారు. అలాంటిదేమీ జరగలేదు. దూదమ్మ పోయినందుకు అడవికి ఏ నష్టమూ రాలేదు. మనకి నష్టం వస్తేనే అది తప్పా? ఎవరికీ ఎందుకూ పనికిరాని కుందేలైనా సరే, ముల్లు దిగితే దానికీ నొప్పే. ఆ నొప్పి చాలదూ తలుపు తియ్యడానికి?

మర్నాడు పెద్దమ్మ గుహ వదిలేసింది. నాలుగు దిక్కుల నుంచీ ఎవరైనా రాగలిగే బండ మీద కూర్చుంది. గొంతు లేనివాళ్లు వచ్చారు. ముసలివాళ్లు వచ్చారు. పొద్దెక్కాక కోటయ్య వచ్చి దూరంగా నిలబడ్డాడు. ముందురోజు సాయంత్రం రాళ్ల నేలలో దూదమ్మకి గొయ్యి తవ్వుతూ రెండు గోళ్లు ఊడగొట్టుకున్నాడు. చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"నాకొద్దు పెద్దమ్మా. నాకు ఆ అర్హత లేదు" అన్నాడు.

"అది అడగడానికి ఇక్కడ ఎవరినీ కూర్చోబెట్టలేదు" అంది పెద్దమ్మ. "చెయ్యి ఇలా తే."

నీతి: నొప్పి ఉన్న ప్రతి ప్రాణికీ వైద్యం హక్కు. నువ్వేం చేశావు, ఏం చెయ్యగలవు అని గుమ్మంలో నిలబెట్టి అడిగే అధికారం ఎవరికీ లేదు.