అవతల బజారు పెరుగు

రైలు గేటుకి అవతల ఊరు, ఇవతల బొగ్గులపేట. ఊళ్ళోకి రోడ్డొచ్చింది, లైట్లొచ్చాయి, పార్కులోకి బాతు బొమ్మలు కూడా వచ్చాయి. బొగ్గులపేటకి మాత్రం దోమలొచ్చాయండీ. అవైనా ఊళ్ళో మందు కొడితే పారిపోయి వచ్చినవే!

అలాంటి పేటలో గేదె పెరుగు బంకు పెట్టింది. పక్కనే కోడి పునుగుల బండి. గేదె పెరుగంటే మాటలా, ముంత బోర్లించినా జారదు. ఏం లాభం? పేటలో ఒక్క ప్రాణీ కొనదు. "ఇక్కడి పెరుగా? ఛీ" అని మూతి తిప్పుకుంటారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, ఆ జబ్బు పేట మొత్తానికీ పట్టింది. కోతి గారైతే క్షవరానికి కూడా అవతలికే వెళ్ళేవారు!

మధ్యాహ్నం దాకా ఈగలు తోలి తోలి, గేదె ఆ ముంతలన్నీ నక్కకి చవగ్గా ఇచ్చేసేది. "ఏదో నా తంటాలు నేను పడి అవతల అమ్ముకుంటాలే వదినా" అని నక్క తోపుడుబండి తోసుకుంటూ పోయేది. సాయంత్రానికి మెరుపు కాయితం మూతలేసిన ముంతలతో దిగేది. "అవతల బజారు పెరుగు! అయిపోతే లేదు!" అంటే చాలు, పేటంతా ఎగబడేది. గేదె కూడా లైన్లో నిలబడేదండీ, ఏం చెప్పను!

ఒక సాయంత్రం గేదె ముంత నాకుతూ అంది: "పెరుగంటే ఇదే కోడీ. నాదీ ఉంది, ఎందుకూ? నక్క ఇచ్చేది గడ్డికే చాలట్లేదు. రేపొక్కరోజు చూసి బంకు మూసేస్తా. పుట్టింటికి పోతా."

కోడి లెక్కలేసుకుంది. వదిన ఊరికే పోసే పుల్ల పెరుగు లేకపోతే పునుగులకి పులుపెక్కడిది? తన బండి కూడా పడుకున్నట్టే. ఊరికే ముంతలోకి తొంగి చూసింది.

"వదినా, ఇందులో మిరపకాయ తొడిమలున్నాయేంటి?"

"ఉంటే?"

"తొడిమలేసి తోడుపెట్టేది నువ్వు కదా!"

"అవతల వాళ్ళు కూడా నాలాగే వేస్తున్నారేమో. పెద్దోళ్ళ అలవాట్లు నాకు ముందే వచ్చేశాయన్నమాట" అని మురిసిపోయింది గేదె.

ఇక ఈవిడతో లాభం లేదని కోడి సరాసరి గేటు కాపలా గాడిద దగ్గరికెళ్ళింది.

"బాబాయ్, నక్క రోజూ గేటు దాటుతున్నాడా?"

"వాడా? వాడి తోక కూడా దాటలేదే! నీళ్ళ ట్యాంకు వెనక గుర్రు పెడతాడు."

"మరి చెప్పవేం?"

"గాడిద చెబితే వార్త అంటారా, ఓండ్ర అంటారా?"

"సరే, రేపు మధ్యాహ్నం గేటు దించేసి ఉంచు."

"రైలు లేకుండానా! పైవాళ్ళు ఊరుకుంటారా?"

"మన పేటలో ఏదైనా పడిపోతే వచ్చి అడిగిన పైవాడు ఉన్నాడా బాబాయ్?"

గాడిద ఆలోచించింది. "నిజమే. రెండు ప్లేట్లు పునుగులు, అల్లం చట్నీ వేరే" అంది.

మర్నాడు నక్క ముంతలెత్తుకునే లోపే గేటు పడింది. నక్కకేం తెలుసు? ఎప్పుడైనా అటెళితేగా! అవతలికి బయల్దేరిన పేటంతా గేటు దగ్గర ఇరుక్కుపోయి సాయంత్రం దాకా గాడిదని తిడుతూనే ఉంది. అంత జనాన్ని చూసి నక్కకి నోరూరింది. బండి నేరుగా వాళ్ళ మధ్యకే తోసుకొచ్చింది.

"అవతల బజారు పెరుగు! ఇప్పుడే గేటు దాటింది!"

క్షవరానికి పోలేక మాసిన గడ్డంతో కూర్చున్న కోతి గారు తలెత్తారు. "ఏ గేటురా?"

"ఇదే గురువుగారూ, ఈ..." నక్క చూసింది. గేటు దించే ఉంది. "అంటే, కింద నుంచి దూరానండీ."

"బండితోనా?"

"బండిని... కాస్త మడిచి..."

నవ్వులే నవ్వులు! కోడి బండెక్కి మెరుపు కాయితం ముక్కుతో చింపింది. తొడిమలు బయటపడ్డాయి.

"ఓరి నీ మొహం మండ! నా పెరుగు నేనే కొనుక్కుని తిన్నానా!" అంది గేదె.

"తన్నండి వాణ్ణి!" అన్నారు కోతి గారు.

"తన్నులైతే మనందరికీ పడాలండీ" అంది కోడి. "వాడు వేసింది కాయితమే. ఎగబడింది మనం."

ఎవరి తోక వాళ్ళు చూసుకున్నారు. కోతి గారే ముందుకొచ్చి, "గేదమ్మా, నాకో ముంత. కాయితం అక్కర్లేదు" అన్నారు.

"పేటలో నా మొదటి బోణీ ఇది! బేరం లేదు, అప్పు లేదు" అంది గేదె, కళ్ళు తుడుచుకుంటూనే.

నక్క మెల్లగా జారుకోబోతే కొమ్ము అడ్డం పెట్టింది. "ఎక్కడికి మరిదీ? గొంతు బాగుంది నీకు. రేపట్నుంచి నా దగ్గర కూలికి కుదురు. 'బొగ్గులపేట పెరుగు' అని ఊళ్ళో వీధి వీధీ తిరిగి అరుద్దువుగాని."

"నిజంగా నడవాలా వదినా?" నక్క ఏడుపు మొహం పెట్టింది.

గాడిద నోటి నిండా పునుగులతో గేటెత్తింది. "దాటి చూపించరా, మేమూ చూడొద్దూ!"

మన వీధి సరుకు మన కంటికి ఆనకపోతే, దానికే మెరుపు మూతేసి మనకి అంటగట్టేవాడు మన వీధిలోనే పుడతాడు.