తెగిన తీగ

తన చేతిపనికి వంక పెట్టగలవారు లేరని కౌండిన్యకు గట్టి నమ్మకం. అందుకే ప్రయోగశాలలోని విద్యుత్ సరఫరా పెట్టెకు బయటినుండి రక్షణ తీగలు కలిపే పనిని గురువుగారు భ్రమరాంబ అప్పగించినప్పుడు, అది తనకు చిటికెలో పని అనుకొన్నాడు.

ఆ సరఫరాతో నడిచే పరికరపు అరలో నమూనాలు మార్చవలసినది తోటి పరిశోధకురాలు రెహానా. అర తలుపు తెరవగానే సరఫరా ఆగిపోవాలి. ఆగకపోతే ఆమె చేయి నేరుగా విద్యుత్తు మీద పడుతుంది.

పరీక్షకొరకు సరఫరాకు ఒక బల్బు తగిలించాడు. తలుపు తెరిస్తే బల్బు ఆరింది. మూస్తే వెలిగింది.

"ఇక వాడుకోవచ్చునా, అమ్మగారూ?"

"తలుపు మూసి ఉన్నదని పెట్టెకు ఎట్లా తెలుసు నాయనా?"

"తెరిస్తే తీగలు రెండూ కలిసి కబురు పంపుతాయి. కబురు రాలేదంటే మూసి ఉన్నట్టే. మౌనం అర్ధాంగీకారమన్నారు కదా పెద్దలు."

పక్క బల్ల దగ్గర కూర్చున్న రెహానా నవ్వింది. "మా ఇంటికి పెళ్ళిచూపులకు వచ్చినవారూ అదే అన్నారు. ఆనాడు నాకు జలుబు చేసి గొంతు పోయింది, అంతే."

భ్రమరాంబ గారు బల్లమీది కటింగ్ ప్లేయరు అందుకొని, తలుపునుండి వచ్చే తీగను పుటుక్కున తుంచారు. బల్బు వెలుగుతూనే ఉంది.

"తలుపు తెరువు."

తెరిచాడు. బల్బు వెలుగుతూనే ఉంది.

"ఇప్పుడు రెహానాను పిలిచి, చేయి లోపల పెట్టమను."

కౌండిన్య నోట మాట రాలేదు.

"ఈ మౌనాన్ని కూడా అంగీకారమనుకోమంటావా?"

అతడు సరఫరా ఆపి, తీగలన్నీ విప్పి, తలవంచుకొని మళ్ళీ మొదలుపెట్టాడు.

మరునాడు కటింగ్ ప్లేయరును తానే గురువుగారి చేతికి అందించాడు. తలుపు మూసి ఉంది, బల్బు వెలుగుతోంది. ఆవిడ తీగ తుంచారు. బల్బు ఠక్కున ఆరింది.

"తలుపు మూసి ఉన్నంతసేపూ తీగ 'క్షేమం, క్షేమం' అంటూ ఉండాలండి. ఆ మాట ఆగితే పెట్టె ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో మనం తరువాత చూసుకోవచ్చు."

ఆవిడ తెగిన కొసలను మళ్ళీ మెలిపెట్టి కలిపారు. బల్బు వెలగలేదు.

"ఇదేమి?"

"పిలవని పేరంటానికి రాదండి. తీగ కలిసినా, మనిషి వచ్చి మీట నొక్కి పిలవాలి."

భ్రమరాంబ గారి పెదవి కొసన చిరునవ్వు మెరిసింది. "ఆ సంగతి నేను చెప్పలేదే."

"అవునండి, మీరు చెప్పలేదు."

కౌండిన్య మీట నొక్కాడు. బల్బు వెలిగింది. రెహానా లేచి వచ్చి తలుపు తెరిచింది. బల్బు ఆరింది. ఎవరినీ ఏమీ అడగకుండా ఆమె చేయి లోపలికి పెట్టింది.

భ్రమరాంబ గారు కటింగ్ ప్లేయరును సొరుగులో వేసి, సొరుగు మూశారు.