దస్తగిరి ఉస్తాదు అగ్గిపెట్టె

నిన్న సాయంత్రం బాగుచేసి పంపిన కారు ఇవాళ పదిగంటలకల్లా మళ్లీ షెడ్డు ముందు ఆగేసరికి ఓబులేసు గుండెల్లో రాయి పడింది.

ప్రొద్దుటూరు బైపాసు పక్కనున్న దస్తగిరి ఉస్తాదు షెడ్డులో అతను ఎనిమిదేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఈమధ్య నేర్చుకోవడం తగ్గి, నలుగురికీ చెప్పడం ఎక్కువైంది. బండి గేటు దాటకముందే వాసన చూసి దాని జబ్బేమిటో చెప్పేస్తానని అందరితో అంటుండేవాడు. ఉస్తాదు విని ఊరుకునేవాడు.

కారు నర్సు నాగరత్నమ్మది. చుట్టుపక్కల పల్లెల్లో నెలలు నిండిన ఆడవాళ్లను ఆమె అందులోనే ఆసుపత్రికి చేరుస్తుంటుంది. నిన్న పెట్రోలు వాసన వస్తోందని తెస్తే, ఓబులేసు బానెట్ ఎత్తి, ఇంజను పక్కన బీటలు వారిన రబ్బరు పైపు మార్చి, "ఇంక నిశ్చింతగా తిరుక్కోమ్మా" అని పంపేశాడు.

"వాసన పోలేదు నాయనా," అంది నాగరత్నమ్మ దిగుతూనే. "పొద్దున ట్యాంకు నిండా పోయించినా. ఈ పిల్లను ఎక్కించుకున్యానో లేదో, వాసన వాసన అని వాంతి చేసుకునె. సాయంత్రానికి కడపలో ఆపరేషను. దావలో బండి అంటుకుంటే నేనైతే దూకుతా. ఇది దూకగలదా?"

వెనక సీట్లోంచి రెడ్డెమ్మ అనే అమ్మాయి నిండు కడుపు పట్టుకుని మెల్లగా దిగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఓబులేసు కారులోకి తల పెట్టి గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదు. బానెట్ ఎత్తాడు. తను వేసిన పైపు పొడిగా ఉంది. ఇంకోసారి పీల్చాడు. అప్పుడు మొదలైంది భయం. అవతల ఇద్దరు ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంటే, తనకు మాత్రం ఏ వాసనా తగలడం లేదు.

భయపడ్డానని ఒప్పుకోవడం కన్నా కసురుకోవడం ఎప్పుడూ తేలికే కదా.

"వాసన లేదు గీసన లేదు. నెలలు నిండినోళ్లకు అన్నం వాసన గూడా పడదు. అంతా ఆ పిల్ల భ్రమ."

రెడ్డెమ్మ తల దించుకుంది.

తొట్టి దగ్గర ఉస్తాదు చేతులు తోముకుంటున్నాడు. సబ్బుపొడిలో రంపపు పొట్టు కలిపి, ఎంతసేపు పట్టినా దాంతోనే జిడ్డు వదిలిస్తాడాయన. ఓబులేసుకు అంత ఓపిక లేదు. మగ్గులో ఇంత పెట్రోలు పోసుకుని రోజుకు పదిసార్లు చేతులు కడిగేస్తాడు; ఆ వాసన ఎప్పుడూ అతని చేతుల్లోనే ఉంటుంది. ముసలాయనది చాదస్తమని అతని నమ్మకం.

ఉస్తాదు చేతులు తుడుచుకుని వచ్చాడు. చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఓబులేసు చేతిలో పెట్టాడు. అది గలగలమంది.

"వాసన లేదంటివే?"

"లేదు ఉస్తాద్."

"అట్లయితే వెనక సీట్లో కూచో. తలుపేసుకుని ఒక పుల్ల గీయి."

ఓబులేసు పరాచికమనుకున్నాడు. ఉస్తాదు ముఖంలో నవ్వు లేదు. ఆ షెడ్డులో పండగపూట కూడా ఊదొత్తి వెలిగించనివ్వని మనిషి! ఓబులేసు కాళ్లీడ్చుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. ఉస్తాదు ఆడవాళ్లిద్దరినీ దూరంగా రోడ్డు అంచుదాకా నడిపించి, తిరిగొచ్చి, ఓబులేసు పక్కనే కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"గీయి."

ఓబులేసు అగ్గిపెట్టె పైకెత్తాడు. ప్రాణాలన్నీ ముక్కులోకి తెచ్చుకుని మరోసారి పీల్చాడు. లేదు. కనీసం కాస్త వాసనైనా వస్తే బాగుండనిపించింది. వస్తే, ఎంత ఉందో తెలిసేది. ఇప్పుడు చుట్టూ ఏముందో, ఎంతుందో ఏమీ తెలియదు. పెట్టె నెట్టబోయిన వేలు నెట్టలేకపోయింది.

"నాతో కాదు ఉస్తాద్. భయమైతాంది."

"వాసనే లేదంటివే. భయమెందుకురా?"

ఓబులేసు అగ్గిపెట్టెను పిడికిట్లో మూసేశాడు.

"నా ముక్కును నమ్మలేను ఉస్తాద్."

"ఆ పిల్ల కూచున్యది ఈడనే," అని ఉస్తాదు తలుపు తీసుకుని దిగిపోయాడు.

ఆయన బ్యాటరీ వైరు ఊడదీశాడు. తలుపులన్నీ బార్లా తెరిచి ఓబులేసు వెనక సీటు ఎత్తాడు. సరిగ్గా రెడ్డెమ్మ కూర్చున్న చోట, ట్యాంకు మీద గుండ్రటి మూత. దాని కింది రబ్బరు రింగు చిట్లి, మూత చుట్టూ పెట్రోలు తళతళలాడుతోంది. నిన్న ట్యాంకు అడుగంటి ఉండబట్టి అది పైకి రాలేదు. పాత పైపు రూపంలో ఒక దొంగ దొరకగానే ఓబులేసు మిగతా ఇల్లు వెతకడం మానేశాడు.



కొంత పెట్రోలు తోడి, అంతా తుడిచి, కొత్త రింగు వేశాక మూతకు రెండు స్క్రూలు తక్కువొచ్చాయి.

"ఆ పెట్టె ఇట్లియ్యి," అన్నాడు ఉస్తాదు.

ఆయన అగ్గిపెట్టె తెరిచాడు. అందులో ఉన్నవన్నీ చిన్న స్క్రూలు, వాషర్లు. ఒక్క పుల్లైనా లేదు. ఓబులేసు చూసి, చూపు తిప్పుకున్నాడు. ఉస్తాదు రెండు స్క్రూలు ఏరి ఇచ్చి, పెట్టె మూసి జేబులో వేసుకున్నాడు.

తోడింది మళ్లీ పోసి, ట్యాంకు నిండుగానే ఉంచి ఇంజను ఆడించి చూశారు. రింగు చుట్టూ చుక్క తడి లేదు. తలుపులు తెరిచి గంటసేపు గాలి తగలనిచ్చారు.

ఆ గంటలో ఓబులేసు పెట్రోలు మగ్గు వంక చూడలేదు. తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని, రంపపు పొట్టుతో మోచేతుల దాకా తోముకున్నాడు. ఆ చేతులతోనే కారు వెనక తలుపు పట్టుకుని రెడ్డెమ్మను పిలిచాడు.

"చెల్లెమ్మా, నాకు తెలీడంలేదు. నువ్వొకసారి చూసి చెప్పు."

రెడ్డెమ్మ జంకుతూ లోపలికి వంగింది. కొంగు తీసి మెల్లగా పీల్చింది.

"లేదన్నా."

"ఇంకొకసారి చూడు తల్లీ. సీటు దగ్గర చూడు."

ఆమె మళ్లీ చూసింది. లేదన్నట్టు తల ఊపి, చిన్నగా నవ్వింది.

ఓబులేసు నాగరత్నమ్మ కారు తాళాలు పట్టుకుని ఉస్తాదు వైపు తిరిగాడు.

"ఇప్పుడియ్యి తాళాలు," అన్నాడు ఉస్తాదు.