రోజూ శుభోదయం చెప్పిన వర్తకుడు

అనగనగా, మరీ అంత అనగనగా కాదులే, సెల్‌ఫోను మనిషి చేతికి వచ్చాక, కుంతలగిరి అనే రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజ్యంలో కోట ఉంది, ఏనుగులున్నాయి, దండోరా వేసేవాడున్నాడు. రాజుగారి దగ్గర నుంచి కుండలు చేసే రంగప్ప దాకా అందరి చేతిలోనూ ఫోనుంది.

ఫోను ఉండడం తప్పు కాదు పిల్లలూ. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ కథ చెబుతుంటే నాకు కోపం వస్తుంది, కోపంలో ఏదైనా అనేస్తాను. నా కోపం ఫోను మీద కాదు. నూతనదత్తుడి మీద.

నూతనదత్తుడు ఫోన్లమ్మే వర్తకుడు. భుజాన పట్టు ఉత్తరీయం, నుదుట చందనం, నోటి నిండా తియ్యటి మాటలు. ఎక్కడి నుంచో వచ్చి, రాజు పృథుసేనుడికి బంగారు రేకు తొడిగిన ఫోను కానుకగా ఇచ్చాడు. రాజు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, "నేటి నుండి మా రాజ్యంలో ఫోన్లమ్మే హక్కు నీ ఒక్కడిదే" అన్నాడు. ఒక రాజ్యాన్ని అంత తేలిగ్గా ఒకడి చేతిలో పెట్టేశాడు.

మర్నాటి నుంచి ప్రతి ఫోనుకీ పొద్దున్నే ఒక బొమ్మ రావడం మొదలైంది. ఒక రోజు గులాబీ, ఒక రోజు ఉదయించే సూర్యుడు, ఒక రోజు కాఫీ కప్పు పక్కన రెండు చిలకలు. కింద 'శుభోదయం, మీ నూతనదత్తుడు' అని రాసి ఉండేది. మొదటి రోజు ఫోను అడిగింది కూడా, 'ఈ బొమ్మల్ని రోజూ లోపల దాచమంటారా?' అని. కానీ ఆ రాజ్యంలో జనానికి ఒక పాడు అలవాటుంది. ఫోను ఏమడిగినా చదవరు. 'సరే' అని నొక్కేస్తారు. అందరూ సరే నొక్కారు.

"ఎంత మంచి మనిషో! సొంత మేనల్లుడు కూడా పొద్దున్నే ఇలా పలకరించడు" అని మురిసిపోయారు.

ఏడాది తిరిగేసరికి ఫోన్లన్నీ నత్తనడక పట్టాయి. పాట అడిగితే పాట రాదు. ఎవరైనా పిలిస్తే ఫోను మోగదు. తెర మీద చిన్న చిన్న అక్షరాలతో ఏదో కనిపిస్తుంది. జనం సరే నొక్కుతారు. అది పోతుంది. కాసేపటికి మళ్లీ వస్తుంది.

కొట్టుకు తీసుకెళితే, నూతనదత్తుడు ఫోనును అరచేతిలో పెట్టుకుని, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకునేవాడు. "అయ్యో పాపం, దీని ఆయుష్షు తీరిపోయింది. ఇది ఇచ్చెయ్యి. దీనితో పాటు నీ ఇంట్లో పనికొచ్చే వస్తువు ఒక్కటివ్వు, చాలు. కొత్తది పట్టుకెళ్లు" అనేవాడు.

రంగప్ప కుండలు చేసే సారె ఇచ్చాడు. బట్టలు నేసే ఏకాంబరం మగ్గం ఇచ్చాడు. కొత్త ఫోన్లు తళతళలాడాయి. వాటికీ రోజూ శుభోదయం వచ్చింది. ఇంకో ఏడాదికి అవీ చతికిలబడ్డాయి. ఈసారి ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏముంది? ఇద్దరూ వెళ్లి నూతనదత్తుడి గిడ్డంగిలోనే మూటలు మోసే పనికి కుదిరారు. ఆ గిడ్డంగిలో ఒక మూల రంగప్ప సారె దుమ్ము కొట్టుకుని పడి ఉంది. రోజూ మూట నెత్తిన పెట్టుకుని దాని పక్క నుంచే నడిచేవాడు. చెప్పండి, వింటుంటే ఒళ్లు మండదూ?

ఆ ఊళ్లోనే నాంచారమ్మ అనే ఆవిడ గానుగాడించి నువ్వుల నూనె తీసేది. ఆవిడకున్న ఆస్తి ఒక కర్ర గానుగ, దాన్ని తిప్పే మైలన్న అనే ఎద్దు. మైలన్న కళ్లకు గంతలు కట్టుకుని పొద్దస్తమానం గుండ్రంగా తిరిగేది. అది తిరిగితేనే నాంచారమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆవిడ ఫోను అయిదేళ్లది. మూల పగిలితే ప్లాస్టరు అంటించింది. నూనె చేతులతో పట్టుకోగా పట్టుకోగా దాని వీపు నున్నగా అయిపోయింది. "నాంచారమ్మా, పెళ్లివారికి నూనె పంపు", "నాంచారమ్మా, దీపాలకు నూనె కావాలి" అని అందరూ ఆ ఫోనుకే చెప్పేవారు. ఆ ఫోనుకూ రోజూ గులాబీలు వచ్చేవి. ఆవిడా సరే నొక్కింది.

మొదటిసారి నూతనదత్తుడు ఆవిడ వాకిట్లోకి వచ్చినప్పుడు, తమలపాకంత పల్చటి ఫోను తెచ్చాడు.

"చూశావా నాంచారమ్మా, ఎంత నాజూకుగా ఉందో! నీ ఎద్దునిచ్చి ఇది తీసుకో."

"నాజూకుదైతే నా నూనె చేతుల్లోంచి జారిపోతుంది బాబూ. ఉన్నది పని చేస్తోంది కదా, ఇప్పుడొద్దు" అంది నాంచారమ్మ.

రెండోసారి నాలుగు కెమెరాలున్న ఫోను తెచ్చాడు.

"దీనితో ఫొటో తీస్తే నీ మొహం చందమామలా వస్తుంది."

"నా మొహం చూసి నూనె కొంటారా ఎవరైనా? ఇంకొన్నాళ్లు చూద్దాం బాబూ."

అంతలో నూతనదత్తుడి నడుము దగ్గర ఏదో మోగింది. అతను గబుక్కున వెనక్కి తిరిగి, ఉత్తరీయం చాటున ఫోను పట్టుకుని మాట్లాడాడు. ఇంత గొప్ప వర్తకుడు సొంత ఫోనును ఎందుకు దాచుకుంటున్నాడా అని నాంచారమ్మకు వింతగా అనిపించింది.

కానీ ఆవిడ ఫోను నిజంగానే మొరాయించసాగింది. ఒక పెళ్లివారు నూనె కోసం పొద్దుట్నుంచీ పిలిస్తే, అది మర్నాడు మోగింది. అప్పటికి వాళ్లు వేరేచోట కొనేసుకున్నారు. నాంచారమ్మకు గుబులు పట్టుకుంది. ఎద్దునిస్తే గానుగ ఆగిపోతుంది. ఇవ్వకపోతే నూనె కొనేవాళ్లు ఉండరు. ఇప్పుడే మార్చాలా, ఆగాలా? మైలన్న గంగడోలు నిమురుతూ ఆవిడ ఎటూ తేల్చుకోలేకపోయింది.

మూడోసారి నూతనదత్తుడు ఒంటరిగా రాలేదు. దండోరావాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

"వినండహో! ఈ శుక్రవారం నుండి అంగడి ద్వారం వద్ద ప్రతివారూ తమ ఫోనులో ప్రవేశపత్రం చూపవలెను. కాపలాభటుడు పది లెక్కించులోగా పత్రం కనిపించని యెడల లోనికి రానివ్వబడరు! ఇది ప్రభువుల ఆజ్ఞ!"

ఆ ఆజ్ఞ ఎవరు రాయించారో నేను చెప్పనక్కర్లేదు. రాజుగారు అందులో ఏముందో చదవలేదు. ఆయనా సరే అని వేలిముద్ర నొక్కేశాడు.

"ఇప్పుడేమంటావు నాంచారమ్మా?" అన్నాడు నూతనదత్తుడు నవ్వుతూ. "శుక్రవారం పొద్దున పలుపు తెచ్చి ఎద్దును తోలుకెళతాను. కొత్త ఫోను నీ చేతిలో పెడతాను."

అంగడిలోకి వెళ్లలేకపోతే నువ్వులు కొనడం ఎలా, నూనె అమ్మడం ఎలా అనుకుంది నాంచారమ్మ. "సరే" అంది.

శుక్రవారం తెల్లవారింది. ఎద్దుకు ఇదే ఆఖరి గానుగ అనుకుంటూ నాంచారమ్మ నువ్వులు పోసింది. మైలన్న రెండు వాయిలు తిరిగి, మూడో వాయిలో ఆగిపోయింది. అదిలించినా కదల్లేదు. గానుగ బిగుసుకుపోయింది. ఆవిడ ఎప్పటిలాగే గునపం తీసుకుని, రోటి గోడలకు గట్టిగా పేరుకుపోయిన తెలకపిండిని పెల్లగించి గంపకెత్తింది. మైలన్న మళ్లీ హాయిగా నడిచింది.

నాంచారమ్మ చేతిలో గునపం అలాగే ఉండిపోయింది.

"గానుగ బిగుసుకుంటే పిండి తీస్తాను గానీ, గానుగను పారేస్తానా?" అనుకుంది. "ఫోనులో పిండి పేరుకుందేమో చూశానా నేనెప్పుడైనా?"

చేతులు చీర కొంగుకు తుడుచుకుని, గానుగ పక్కనే కూర్చుని ఫోను తీసింది. ఎప్పటిలా చిన్న అక్షరాలు వచ్చాయి. ఈసారి సరే నొక్కలేదు. కూడబలుక్కుని చదివింది. 'లోపల చోటు లేదు. అక్కర్లేనివి తీసివేయండి' అని ఉంది.

ఆయుష్షు తీరిందని ఎక్కడా లేదు!

లోపలికి వెళ్లి చూస్తే గులాబీలు, సూర్యుళ్లు, కాఫీ కప్పులు, చిలకలు. వెనక్కి జరిపిన కొద్దీ శుభోదయాలే. ఒక్కొక్కటీ రుబ్బురోలంత బరువు. అన్నీ ఒక్కడే పంపాడు. నాంచారమ్మ కోపంతో అన్నిటినీ తుడిచిపారేసింది. ఫోను కట్టు విప్పిన దూడలా చెంగున లేచింది.

సరిగ్గా అప్పుడే నూతనదత్తుడు పలుపు పట్టుకుని వచ్చాడు. "పొద్దున్నే శుభోదయం అందిందా నాంచారమ్మా?"

"అందింది బాబూ. అది మహారాజుకు కూడా చూపిద్దాం పద" అంది. అతను వద్దన్నకొద్దీ మైలన్నను వెంటబెట్టుకుని కోటకు నడిచింది. దారిలో జనం పోగయ్యారు. గిడ్డంగిలోంచి రంగప్ప, ఏకాంబరం కూడా మూటలు దించి వచ్చారు.

కొలువులో పృథుసేనుడు చిరాగ్గా అడిగాడు. "ఎద్దునిస్తానని ఒప్పుకున్నావట. మాట తప్పడం ధర్మమా?"

"సరే అన్నాను మహారాజా. చదవకుండా అన్నాను. ఇవాళ చదివాను. మూడు ఫోన్లు పరీక్షించమనండి. నేను ఓడిపోతే ఎద్దూ ఆయనదే, గానుగా ఆయనదే."

రాజు ఒప్పుకున్నాడు. కాపలాభటుడు ముందుకొచ్చాడు.

మొదట నాంచారమ్మ తన ఫోనిచ్చింది. భటుడు ఒకటి, రెండు, మూడు అనేసరికి ప్రవేశపత్రం కనిపించింది. సభలో గుసగుసలు పుట్టాయి.

"రెండోది తమరిదే మహారాజా. ఆయుష్షు తీరిందని పెట్టెలో పడేయించారని ఊరంతా చెప్పుకునే బంగారు ఫోను తెప్పించండి."

రాజు ఇప్పటికి మూడు ఫోన్లు మార్చాడు. మార్చినప్పుడల్లా నూతనదత్తుడికి ఒక ఊరు రాసిచ్చాడు. భటులు మొట్టమొదటి ఫోను తెచ్చి, ఛార్జింగు పెట్టి, ఆవిడ చేతికిచ్చారు. నాంచారమ్మ అందరి ముందూ గులాబీలూ చిలకలూ తుడిచేసింది. భటుడు నాలుగు అనేసరికి పత్రం కనిపించింది. ఊళ్లు గుర్తొచ్చి పృథుసేనుడి మొహం నల్లబడింది.

"మూడోదేదీ?" అన్నాడు రాజు.

"ఈయన నడుము దగ్గరుంది మహారాజా. ఉత్తరీయం తీసి చూడండి."

నూతనదత్తుడు రెండడుగులు వెనక్కి వేశాడు. భటులు పట్టుకుని ఫోను లాగారు. సభంతా నోరెళ్లబెట్టింది. రంగు వెలిసి, అంచులు అరిగి, మూలకు అచ్చం నాంచారమ్మ ఫోనుకున్నట్టే ప్లాస్టరు అంటించి ఉంది. భటుడు ఒకటి అనేలోపే పత్రం కనిపించింది.

"ఇది ఎన్నేళ్లది?" రాజు గొంతు కఠినంగా ఉంది.

"పన్నెండేళ్లది మహాప్రభూ."

"ఇది ఎందుకు నీరసించలేదు? దీనికి శుభోదయాలు రావా?"

నూతనదత్తుడు తల వంచుకున్నాడు. "నాకు నేను పంపుకోను ప్రభూ."

రంగప్ప నెత్తిన మూట మోసి మోసి కాసిన కాయను చేత్తో తడుముకున్నాడు. నాంచారమ్మ ఊరుకోలేదు.

"సారె లాక్కున్నావు, మగ్గం లాక్కున్నావు. నీకు మాత్రం పాతదే బంగారమా? మహారాజా, తమరూ తక్కువ చేయలేదు. చదవకుండా ముద్ర వేసి మా కడుపు మీద కొట్టారు. మేం సరే నొక్కితే మా ఫోను పాడవుతుంది, తమరు నొక్కితే రాజ్యం పాడవుతుంది!"

సభ గడగడలాడింది. రాజు తీర్పు చెప్పాడు. ఎవరి సారె వాళ్లకు, ఎవరి మగ్గం వాళ్లకు అప్పగించాలి. రాసిచ్చిన ఊళ్లు వెనక్కి, అమ్మే హక్కు రద్దు. అంగడి ద్వారం ఎప్పటిలా తెరిచే ఉండాలి. నూతనదత్తుడు ఇంటింటికీ వెళ్లి, ఇంటివాళ్లకు నోటితో శుభోదయం చెప్పి, తాను పంపిన ఒక్కొక్క బొమ్మనూ చేత్తో తుడిచిపెట్టాలి.

అతను తుడిచాడు. వేళ్లు వాచిపోయేదాకా తుడిచాడు. మరి చదవకుండా ముద్ర వేసిన రాజుకు శిక్ష ఎవరు వేశారని అడుగుతారేమో. ఎవరూ వెయ్యలేదు. నాకు ఇప్పటికీ కోపం చల్లారనిది అందుకే.

నాంచారమ్మ ఫోను ఆ తర్వాత మూడేళ్లు పనిచేసింది. ఒక రోజు దాని బ్యాటరీ పూరీలా ఉబ్బి, తెర నల్లబడి, ఎంత శుభ్రం చేసినా లేవలేదు. అది నిజంగా పోయిందని ఆవిడే తేల్చుకుంది. ఏటి అవతలి ఊరి సంతలో తన నూనె అమ్మి, తనకు నచ్చిన ఫోను తానే ఎంచి కొనుక్కుంది. అది అడిగిన మొదటి ప్రశ్నను రెండుసార్లు చదివి, 'వద్దు' అని నొక్కింది. వాకిట్లో మైలన్న తిరుగుతూనే ఉంది.

కథ కంచికి వెళ్లింది, మీరు ఫోను పక్కన పెట్టి నిద్రకు వెళ్లండి. వెళ్లే ముందు ఈ నీతి గుర్తుంచుకోండి: చేతిలోని వస్తువుకు కాలం చెల్లిందో లేదో దాన్ని వాడుకునేవాళ్లు చూసి తేల్చుకోవాలి గానీ, కొత్తది అమ్ముకునేవాడి మాట విని సరే అనకూడదు.